మగపిల్లికి మూత్రం బంధిస్తే: పండు జబ్బు, డాక్టర్లు, బిల్లు

పండు ఇప్పుడు బాగానే ఉన్నాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. వాడు ఐదు కిలోల మగపిల్లి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ (న్యూటరింగ్) అయింది, గడప దాటడు, కాస్త ఒళ్ళు చేశాడు, డ్రై ఫుడ్ తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. మూత్రం బంధించే పిల్లులు ఎక్కువగా ఇలాంటివే. ఆడవాటికి మూత్రమార్గం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఈ బెడద అరుదు. మగవాటికి అది పొడుగ్గా సాగి, చివరికొచ్చేసరికి ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. ఆ సందులో జిగురూ, ఇసుకలాంటి స్ఫటికాలూ కలిసి దిగబడినా, లోపలి గోడ వాచి కండరం బిగుసుకున్నా దారి మూసుకుపోతుంది.

ఆ సాయంత్రం వాడు లిట్టర్ ట్రేలోకి (మలమూత్రాలకి ఇసుక పోసి పెట్టే పళ్ళెం) వెళ్ళడం, కూర్చోవడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. తోక కింద అదేపనిగా నాక్కుంటున్నాడు. ముక్కుతున్నాడు గానీ ఇసుక పొడిగానే ఉంది. మలబద్ధకానికీ దీనికీ తేడా పట్టాలంటే పిల్లి ఎలా కూర్చుందో చూసి లాభం లేదు, మూత్రం పడ్డచోట ఇసుక కట్టే తడి గడ్డ ఉందో లేదో చూడాలి. ట్రేకి పదేపదే వెళ్తూ గడ్డ కట్టకపోయినా, చుక్కంత చిన్న గడ్డలే కనబడినా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. దారి పూర్తిగా మూసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

క్లినిక్‌లో ఇదంతా చెప్పాను. డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. "ఏముందండీ, మలబద్ధకం. రోజూ చూస్తుంటాం" అని విరేచనం సిరప్ రాసి, ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడిచి పంపించేశారు. నిండి బిగుసుకున్న మూత్రాశయం వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్ట అడుగున నిమ్మకాయంత గట్టిగా చేతికి తగులుతుంది. వేళ్ళతో తడిమితే అయిపోయే పరీక్ష. మిషన్ అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు. అది చెయ్యకుండా ఇంజెక్షన్‌కి, సిరప్‌కి బిల్లు వేశారు. నా కోపమంతా అక్కడే ఉంది. (ఇంట్లో మనం మాత్రం నొక్కి చూడకూడదు. బిగిసిన మూత్రాశయం పగిలే ప్రమాదముంది.)

అర్ధరాత్రి దాటాక వాంతులు మొదలయ్యాయి. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. నొప్పి తగ్గిందనిపించే క్షణం అది, నిజానికి విషం ఎక్కుతున్న క్షణం. చెవులూ పాదాలూ చల్లబడ్డాయి. తీసుకెళ్ళే బుట్ట (క్యారియర్) చూస్తేనే గోళ్ళు దించే పిల్లి, నా చెయ్యి ఎటు తిప్పితే అటు ఒరిగిపోయింది.

ఎమర్జెన్సీ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మేడమ్ ముందు పొట్ట తడిమారు. తర్వాత స్టెతస్కోపు పెట్టారు. క్లినిక్‌కి వచ్చి భయపడ్డ పిల్లికి గుండె నిమిషానికి 180, 200 కొట్టుకోవడం మామూలు. పండుది 100 కూడా లేదు. గుండె 120 కంటే తగ్గి, ఒళ్ళు కూడా చల్లబడిందంటే రక్తంలో పొటాషియం బాగా పెరిగినట్టేనని ఆవిడ రిపోర్టు రాకముందే అన్నారు. వచ్చింది. 8 దాటి ఉంది. మామూలుగా 5.5 లోపు ఉండాలి. మూత్రంతో పోవాల్సిన పొటాషియం రక్తంలోనే నిలిచిపోయి గుండె విద్యుత్తును నెమ్మదింపజేస్తుంది. ఈసీజీలో ప్రతి గుండెచప్పుడుకీ ముందొచ్చే చిన్న అల మాయమై, చివరి అల నిటారుగా లేచి కనిపిస్తోంది.

"ముందు గుండె నిలబడాలండీ. మూత్రమార్గంలో గొట్టం వేసే సంగతి తర్వాత" అన్నారు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్‌ని ఈసీజీ మీద కళ్ళు పెట్టి, నిమిషాల కొద్దీ నెమ్మదిగా ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదు. గుండెకి అరగంట, మహా అయితే గంట రక్షణ ఇస్తుంది. ఆ వ్యవధిలో ఇన్సులిన్, దానికి తోడు గ్లూకోజ్ ఇచ్చి పొటాషియాన్ని కణాల్లోకి నెట్టాలి, సెలైన్ నడిపించాలి, దారి తెరవాలి. స్క్రీన్ మీద గుండె వేగం అంకె 96, 104, 96 అని ఊగుతుంటే నేను తలుచుకోని దేవుడు లేడు. దేవుడికి దండం పెడుతూనే, "పొటాషియం మళ్ళీ ఎప్పుడు చూస్తారు మేడమ్?" అని అడిగాను. రెండూ పనిచేశాయనే అనుకుంటున్నాను.

అంకె 150 దాటాక ఆవిడ ఖర్చుల కాగితం తెచ్చి ముందు పెట్టారు. ఎడమవైపు "అత్యవసరం", కుడివైపు "ఉంటే మంచిది". ఒక్కో దానికీ కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రెండు అంకెలు. "డబ్బు సంగతి మాట్లాడ్డానికి మొహమాటపడకండి. మీరు మొహమాటపడితే సగం వైద్యంలో ఆగిపోతాం, అది వాడికే నష్టం" అన్నారు. ఆ మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

మిగతాది వాళ్ళకి రోజువారీ పనే. మత్తు, సన్న గొట్టం, సెలైన్‌తో ఫ్లష్, ఇసుక నలుసులు, ఆ వెనక ఎర్రటి మూత్రం. గొట్టాన్ని ఒకటి రెండు రోజులు ఉంచుతారు. జనం డబ్బు మిగుల్చుకోబోయి దెబ్బ తినేది ఈ దశలోనే. దారి తెరుచుకున్నాక కిడ్నీలు ఆపుకున్నదంతా ఒక్కసారిగా వదులుతాయి. మామూలు పిల్లి గంటకి కిలోకి 1 నుంచి 2 మిల్లీలీటర్లు పోస్తుంది, అంటే పండుకి 5 నుంచి 10. బ్లాక్ తీశాక అది ఎన్నో రెట్లు పెరగొచ్చు. పోయినంతా సెలైన్‌తో నింపకపోతే పిల్లి ఎండిపోతుంది, పొటాషియం ఈసారి పడిపోతుంది. అందుకే గొట్టాన్ని సంచికి కలిపి, నాలుగు గంటలకోసారి కొలిచి రాస్తారు. ఆ చార్టు అడిగి చూడండి. గొట్టం తీశాక వాడంతట వాడు మంచి ధారతో పోసేదాకా ఇంటికి తీసుకెళ్ళొద్దు. ఒక రాత్రి ఛార్జీ మిగులుతుందని ముందే తీసుకెళ్తే, మళ్ళీ బ్లాకై మొత్తం బిల్లు రెండోసారి కట్టాల్సి రావచ్చు.

పాత రికార్డుల కోసం మొదటి క్లినిక్‌కి ఫోన్ చేశాను. విషయం చెబితే ఆ డాక్టరు గారు అన్న మాట: "ఆ డబ్బుతో నాలుగు పిల్లులొస్తాయి కదండీ." పొటాషియం ఎంతుందని అడగలేదు. పిల్లి బతికిందా అనీ అడగలేదు.

డబ్బు చాలనివాళ్ళని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. నిజంగా చాలకపోతే "ఇంటెన్సివ్ కేర్ లేదంటే ప్రాణం తీసే ఇంజెక్షన్" అని రెండే దారులు చూపించే డాక్టరుని నమ్మక్కర్లేదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఖర్చు భరించలేక చంపేయాల్సి వచ్చే పిల్లులకి గొట్టం వేయకుండానే మత్తు, నొప్పి మందు, అవసరమైనప్పుడు సూదితో మూత్రాశయం ఖాళీ చేయడం, చర్మం కింద సెలైన్, చీకటి గదిలో విశ్రాంతి, ఇంతే ఇచ్చి చూశారు. 15 పిల్లుల్లో 11 తమంతట తామే మూత్రం పోశాయి. గొట్టం వేసినంత నమ్మకమైన పద్ధతి కాదు, రక్తం అప్పటికే బాగా చెడిన పిల్లికి అసలు పనికిరాదు. అయినా చావుకీ ఐసీయూకీ మధ్య ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు పేరెత్తే డాక్టరే నా లెక్కలో మంచి డాక్టరు.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చంటే: రోజూ పూర్తి రక్తపరీక్ష అక్కర్లేదు. రెండో రోజు నుంచి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చాలు, తక్కినవి అవసరమైతేనే అని అడగొచ్చు. కుర్ర, నడివయసు మగపిల్లుల్లో మొదటిసారి బ్లాక్‌కి బ్యాక్టీరియా కారణం కావడం అరుదు, కాబట్టి అలవాటుగా రాసే యాంటీబయాటిక్‌ని ప్రశ్నించండి. గొట్టం లోపలున్నంతకాలం "ముందు జాగ్రత్త"గా ఇచ్చేది మందుకి లొంగని క్రిములను పెంచుతుంది. స్టెరాయిడ్ వల్ల ఒరిగేదేమీ లేదు. మూత్రమార్గం కండరాన్ని సడలించే ప్రాజోసిన్ అనే మందు వాడితే మళ్ళీ బ్లాక్ కావడం తగ్గుతుందని ఎంతోకాలం రాశారు, తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. నొప్పి మందు మాత్రం కొట్టేయకండి. నొప్పి ఉంటే కండరం బిగుస్తుంది, బిగిస్తే మళ్ళీ బ్లాక్.

ఎక్స్‌రే కూడా కొట్టేయొద్దు. రాయి ఉందో లేదో తెలియకుండా ఇంటికి పంపితే చీకట్లో నడిచినట్టే. అయితే తీసేముందే చెప్పండి: "మూత్రమార్గం చివరిదాకా, తోక కింది భాగం కూడా ఫిల్మ్‌లో రావాలండీ." ఆ భాగం కత్తిరించుకుపోయిన ఎక్స్‌రేలు కొల్లలు. అక్కడే రాయి ఇరుక్కుంటే రెండోసారి తీయాలి, రెండోసారి కట్టాలి. మూత్ర పరీక్షలోనూ ఇలాంటి కిటుకు ఉంది. శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టినా, గంటల తరబడి ఉంచినా, లోపల లేని స్ఫటికాలు సీసాలోనే పుడతాయి. ఆ రిపోర్టు చూసి ఖరీదైన ప్రిస్క్రిప్షన్ ఫుడ్ ఏళ్ళ తరబడి కొనిపిస్తారు. తీసిన అరగంటలో, గంటలోపే చూశారా అని అడగండి. ఆ ఫుడ్ పనికిరాదని కాదు. స్ట్రూవైట్ అనే రకాన్ని అది నిజంగానే కరిగిస్తుంది. కాల్షియం ఆక్సలేట్‌ని ఏ తిండీ కరిగించదు. ఏ రకమో తెలిశాకే కొనాలి.

డబ్బు ఆదా అని మన మందులపెట్టె మాత్రం తెరవొద్దు. పారాసెటమాల్ ఒక్క బిళ్ళ పిల్లిని చంపగలదు, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనం వాడే ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు బ్లాకైన పిల్లికి కిడ్నీల మీద రెండో దెబ్బ.

డాక్టరుని ఎంచుకునే పని జబ్బు రాకముందే చేయాలి. టీకాకో, గోళ్ళు కత్తిరించడానికో తీసుకెళ్ళి చూడండి. తూకం వేస్తున్నారా, కంటి అంచనాతో కానిచ్చేస్తున్నారా? నోరు తెరిచి చిగుళ్ళు చూశారా? పొట్ట తడిమారా? కుక్కలు మొరిగే చోటికి దూరంగా పిల్లిని కూర్చోబెట్టే చోటుందా? ఆ తర్వాత కౌంటర్ దగ్గర నిలబడి అడగండి. రాత్రి పదింటికి ఫోన్ ఎవరెత్తుతారు, మీరు లేకపోతే ఎక్కడికి పంపుతారు? పొటాషియం ఇక్కడే చూస్తారా, బయటికి పంపుతారా? బయటికి పంపితే రిపోర్టు రేపొస్తుంది, బ్లాకైన పిల్లికి అంత సమయం ఉండదు. రాత్రి అడ్మిట్ చేస్తే మనిషి ఎవరైనా పక్కనుంటారా? చాలాచోట్ల "అడ్మిషన్" అంటే గదికి తాళం వేసి వెళ్ళిపోవడమే. రికార్డులు, ఎక్స్‌రే కాపీలు అడిగితే ఇస్తారా? చివరి ప్రశ్నకి ముఖం మాడ్చుకునే చోట నేను రెండోసారి అడుగుపెట్టను. కాపీ చేతిలో లేకపోతే కొత్త డాక్టరు దగ్గర ప్రతి పరీక్షా మొదటినుంచి చేయించుకోవాలి.

బీమా ఉన్నా షరతులు చదవండి. సాధారణంగా ముందే ఉన్న జబ్బుకి వర్తించదు, కట్టిన రోజు నుంచే మొదలవదు, డబ్బు ముందు మనం కట్టి తర్వాత తిరిగి తీసుకోవాలి. కాబట్టి అది ఉన్నా నెలనెలా కొంత విడిగా పెట్టక తప్పదు. పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంటే రేట్లు ముందే కనుక్కుని పెట్టుకోవడం మేలు.

ఇంటికొచ్చాక ఖర్చు చెయ్యాల్సింది నీళ్ళ మీద. డ్రై ఫుడ్‌లో తేమ పదో వంతే, తడి తిండిలో నాలుగింట మూడొంతుల దాకా. పండు మొదట్లో తడి తిండి మొహం చూడలేదు. డ్రై గింజల్లో గోరువెచ్చని నీళ్ళు ఒక చెంచా, రెండు చెంచాలు పోస్తూ మెల్లగా తిప్పుకొచ్చాం. నీళ్ళని 1 అనుకుంటే మూత్రం చిక్కదనం 1.035 కంటే తక్కువుంటే మంచిది. క్లినిక్‌లో రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంతో ఒక చుక్క చూస్తే చెబుతారు, పెద్ద పరీక్ష కూడా కాదు. ఎన్ని పిల్లులుంటే అన్నింటికంటే ఒక ట్రే ఎక్కువ. తూకం తగ్గించాలి, అదీ మెల్లగా. లావు పిల్లి హఠాత్తుగా తిండి మానేస్తే కాలేయం దెబ్బతింటుంది. బెంగ, ఇల్లు మారడం, కొత్త జంతువు రాక కూడా ఈ జబ్బుని తిరగబెడతాయి. మళ్ళీ బ్లాకయ్యే భయం మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ, అప్పుడు రోజూ గడ్డలు లెక్కపెట్టడమే మందు.

మళ్ళీ మళ్ళీ బ్లాకైతే సన్నని చివరిభాగం తీసేసి వెడల్పు భాగాన్ని బయటికి తెరిచే ఆపరేషన్ ఉంది. దానివల్ల దారి మూసుకోవడం బాగా తగ్గుతుంది, మూత్రాశయం వాపు తగ్గదు, ఇన్ఫెక్షన్లు కొంచెం పెరుగుతాయి. కుట్లు సరిగా మానకపోతే కొత్త రంధ్రమే మూసుకుపోతుంది, అందుకే ఆ ఆపరేషన్ ఎన్ని చేశారని సర్జన్‌ని అడగాలి. పండుకి ఇంకా ఆ అవసరం రాలేదు. అయినా ఇద్దరు సర్జన్ల దగ్గర ఎస్టిమేట్లు రాయించుకున్నాను. ఒకరిది తక్కువే గానీ రాత్రి కాపలా లేదు. రెండోవారి కాగితమే ఫైల్లో పైన పెట్టాను.