మూడు కుర్చీలు, ఒక మెసేజ్

మా పై పోర్షన్‌లో ఉండే అక్క రెండు నెలల కింద ఒక పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో చేరింది. మూసాపేటలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం, డబ్బులు తీసుకోవడం వారంలోనే వచ్చేశాయి. ఇబ్బందంతా వాట్సాప్‌తోనే. పేషెంట్లకు మెసేజ్‌లు ఇంగ్లీష్‌లో పెట్టాలి. ఒకరోజు సాయంత్రం ఫోన్ పట్టుకుని కిందికి వచ్చింది, కళ్లలో నీళ్లు. తను పెట్టిన మెసేజ్: "యువర్ అపాయింట్‌మెంట్ డాక్టర్ క్యాన్సిల్." అటు నుంచి వచ్చిన జవాబు: "హూ క్యాన్సిల్డ్? ఐ డిడ్ నాట్ క్యాన్సిల్."

"ఏం తప్పు రాసిన చెల్లె? మాటలన్నీ ఉన్నయ్ కదా!" అంది.

నిజమే, మాటలన్నీ ఉన్నాయి. స్పెల్లింగ్ కూడా ఎక్కడా తప్పు లేదు. అయినా ఎవరు ఏం చేశారో చదివినవాళ్లకు తెలియలేదు.

అక్క పదో తరగతి తెలుగు మీడియం. నేనూ అంతే. 1998లో మహబూబాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాను. మొదటి రోజే బోర్డు మీద ఎనిమిది భాషాభాగాల పేర్లు రాశారు: నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్. నిర్వచనాలు రాయించారు, మర్నాడు అప్పజెప్పించుకున్నారు. 30 రోజులయ్యేసరికి నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ బ్యాంకు కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. ఆ ఫీజు మా నాన్న వడ్లు అమ్మిన డబ్బుల్లోంచి ఇచ్చాడు. ఇప్పుడు నేనే ఒక స్కూల్లో ఇంగ్లీష్ చెబుతున్నాను, ఆ బాధ మాత్రం పోలేదు. అందుకే అక్కకు నిర్వచనాలతో మొదలుపెట్టలేదు.

ఆదివారం టెర్రస్ మీద మూడు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశాను. మూడు చీటీల మీద తెలుగులో రాశాను: రాము, సీతను, పిలిచాడు. "నీ ఇష్టం వచ్చినట్టు పెట్టక్కా" అన్నాను. రాము సీతను పిలిచాడు. సీతను రాము పిలిచాడు. పిలిచాడు రాము సీతను. ఎట్లా పెట్టినా పిలిచింది రామే, పిలిపించుకున్నది సీతే. ఎందుకంటే సీత తన పక్కన "ను" పెట్టుకుని వచ్చింది. పిలిచాడులో "డు" కూడా పిలిచింది మగవాడని చెబుతోంది. తెలుగులో మాట తన పనేంటో తన ఒంటిమీదే రాసుకుని వస్తుంది. ఇక ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు.

తర్వాత ఇంగ్లీష్ చీటీలు ఇచ్చాను: రాము, కాల్డ్, సీత. రామును మొదటి కుర్చీలోంచి తీసి సీతను అక్కడ పెట్టగానే పిలిచింది సీత అయిపోయింది. చీటీల మీద ఒక్క అక్షరం మారలేదు. మారింది కుర్చీ మాత్రమే. మొదటి కుర్చీ పని చేసేవాళ్లది, రెండోది పనిది, మూడోది ఆ పని ఎవరి మీద జరిగిందో వాళ్లది. సబ్జెక్ట్, వెర్బ్, ఆబ్జెక్ట్ అంటే ఇంతే. ఇంగ్లీష్‌కు కూడా వెయ్యేళ్ల కింద మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి రాలిపోయాయి. ఆ పని ఇప్పుడు కుర్చీలు చేస్తున్నాయి. పాత గుర్తులు హీ, హిమ్, షీ, హర్ లాంటి మాటల్లో ఇంకా మిగిలున్నాయి.

అక్క కాసేపు కుర్చీల వైపే చూసింది. "అయితే నా మెసేజ్‌లో డాక్టర్ రెండో కుర్చీల కూసున్నడా?" అంది. నిజానికి అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతూ నేను గమనించిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

మనం రోజూ వందల ఇంగ్లీష్ మాటలు వాడతాం. ఆటో బుక్ చేశాను, ఫోన్ లిఫ్ట్ చేయి, ఫొటో లైక్ చేశాడు, అప్లై చేశాను, ఫీలయ్యాను, షాకయ్యాను, బోర్ కొడుతోంది. ఈ మాటల్లో చాలావరకు ఇంగ్లీష్‌లో క్రియలే. తెలుగులోకి రాగానే మాత్రం నామవాచకాల్లాగా కూర్చుంటాయి, క్రియ పని మన "చేయి", "అవు", "కొట్టు" చూసుకుంటాయి. కాలం, లింగం, గౌరవం అన్నీ వాటి మీదే పడతాయి. అక్క మనసులో ఉన్న వాక్యం "మీ అపాయింట్‌మెంట్ డాక్టర్ క్యాన్సిల్ చేసిండ్రు". ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు "చేసిండ్రు"కు మాట దొరక్క వదిలేసింది. వాక్యానికి క్రియే లేకుండా పోయింది. కావలసింది కొత్త మాట కాదు. "చేసిండ్రు" మోస్తున్న బరువు క్యాన్సిల్ నెత్తిన పెట్టాలి: క్యాన్సిల్డ్. దాన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఈ ఒక్క సంగతి నాకు 1998లో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ వారమంతా అక్కకు ఒకటే హోంవర్క్: క్లినిక్‌లో, బస్సులో, ఇంట్లో "చేయి", "అవు" పక్కన వినపడే ప్రతి ఇంగ్లీష్ మాటా రాసుకోవాలి. మూడు రోజుల్లో 41 తెచ్చింది. కూర్చుని విడదీశాం. "చేశాను" ఉన్నవి చాలావరకు తేలిగ్గానే మారాయి: బుక్డ్, లైక్డ్, అప్లైడ్. "అయ్యాను" దగ్గర జాగ్రత్త కావాలి. షాకయ్యాను అంటే ఐ వాజ్ షాక్డ్. బోర్ కొడుతోంది అంటే ఐ యామ్ బోర్డ్. ఐ యామ్ బోరింగ్ అంటే ఎదుటివాళ్లకు మనమే బోర్ కొట్టిస్తున్నామని అర్థం. టెన్షన్ మాత్రం నిజంగానే నామవాచకం, కాబట్టి ఐ యామ్ టెన్షన్ కుదరదు, ఐ యామ్ టెన్స్ అనాలి. నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్ అనే పేర్లు అప్పుడు చెప్పాను. చేతిలో 41 మాటలు ఉన్నాయి కాబట్టి పేర్లు వాటంతట అవే అతుక్కున్నాయి.

ఎనిమిది అనే లెక్కకు భయపడొద్దని కూడా చెప్పాను. అది గ్రీకువాళ్ల నుంచి వచ్చింది. క్రీ.పూ. 100 ప్రాంతపు డయోనిసియస్ థ్రాక్స్ పేరున ఉన్న వ్యాకరణంలో ఎనిమిది భాగాలున్నాయి, అందులో ఆర్టికల్ (ఇంగ్లీష్‌లో "ద" లాంటి చిన్న మాట) ఒకటి. లాటిన్‌లో ఆర్టికల్ లేదు, దాన్ని తీసేసి ఇంటర్‌జెక్షన్‌ను చేర్చి ఎనిమిదిని నిలబెట్టుకున్నారు. మన పాత సంస్కృత పండితుడు యాస్కుడు నాలుగే అన్నాడు. స్కూల్లో మనం చదివిన భాషాభాగాలు ఐదు.

ఇంకో రోజు అడ్రస్ దగ్గర ఆగిపోయింది. "మెట్రో స్టేషన్ పక్కన సందులో మూడో బిల్డింగ్‌లో రెండో అంతస్తు." పక్కన, లో, మీద, కింద అన్నీ మనకు మాట తర్వాత వస్తాయి, ఇంగ్లీష్‌లో ముందు వస్తాయి. కాబట్టి తోక పట్టుకుని వెనక్కి రావాలి. అక్క చేత తెలుగు వాక్యాన్ని చివరి నుంచి చదివించాను, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు: సెకండ్ ఫ్లోర్, ఇన్ ద థర్డ్ బిల్డింగ్, ఇన్ ద లేన్, బిసైడ్ ద మెట్రో స్టేషన్. పూర్తయ్యాక తనే చప్పట్లు కొట్టింది.

"ఈజ్" మాత్రం ఇంకా జారిపోతూనే ఉంది. అది అక్క తప్పు కాదు. "ఆమె డాక్టర్" అంటే తెలుగులో వాక్యం అయిపోయింది. మెట్రోలో "తదుపరి స్టేషన్ అమీర్‌పేట్" అన్నా అంతే, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో రెండో కుర్చీ ఖాళీగా ఉండకూడదు కాబట్టి అక్కడ ఈజ్‌ను కూర్చోబెడతారు. రాసేముందు రెండో కుర్చీలో ఎవరున్నారో చూసుకోమన్నాను.

నిన్న సాయంత్రం పంపేముందు నాకు చూపించింది. "డాక్టర్ క్యాన్సిల్డ్ యువర్ అపాయింట్‌మెంట్. హీ ఈజ్ నాట్ వెల్. ప్లీజ్ కమ్ ఆన్ మండే." మూడు కుర్చీలూ నిండాయి, ఈజ్ కూడా ఉంది. డాక్టర్ ముందు "ద" లేదు. చెబుదామనుకునేలోపే పంపేసింది. రెండు నిమిషాల్లో అటు నుంచి జవాబు వచ్చింది: "ఓకే, థాంక్యూ."

"ద" సంగతి వచ్చే ఆదివారం చూడాలి. తెలుగులో దానికి సరిపోయే మాటే లేదు, ఏ చీటీలతో చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.