మా మెట్లకు కొత్తవాడ జంపఖానా: ఇప్పటిదాకా జరిగిన పని

జనవరి 18

హనుమకొండలో మా ఇంటి లోపలి మెట్లు నల్ల గ్రానైటువి. కట్టినప్పుడు ముచ్చటపడి బాగా పాలిష్ పెట్టించాం. సంక్రాంతి రోజు పొద్దున తడిబట్ట పెట్టిన కాసేపటికే అమ్మ కిందికి దిగుతూ జారింది. రెయిలింగు చేతికి అందబట్టి మోచేతి దెబ్బతో పోయింది. మెట్ల మీద పొడుగు తివాచీ వేయాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

ముందు కొలతలు. వెడల్పు 42 అంగుళాలు. ల్యాండింగు దాకా ఒక వరసలో 9 రైజర్లు (మెట్టుకు నిలువుగా ఉండే పలకలు), అక్కడ తిరిగి రెండో వరసలో మళ్ళీ 9. రైజరు 7 అంగుళాలు, మెట్టు లోతు 10. మెట్టుకు 17 అని కాగితం మీద రాసుకున్నాను. ఎందుకో అనుమానమొచ్చి పురికొస తెచ్చి, ఒక మెట్టు మీద రాయికి ఆనించి పట్టుకుంటూ కింది మూల దాకా కొలిస్తే 19 వచ్చింది. పైపలక రైజరు కంటే అంగుళం ముందుకు ఉంటుంది. ఆ ముక్కు చుట్టూ తిరిగి బట్ట లోపలికి దూరాలంటే ఆ రెండు అంగుళాలు కావాలి. వరసకు 8 మెట్లు అలా 152, ల్యాండింగు ముక్కు కింద ఆగిపోయే ఆఖరి రైజరుకు 6, రెండు చివర్ల మడతకు 10. మొత్తం 168, అంటే 14 అడుగులు. 17 లెక్కనే నమ్ముకుంటే 16 అంగుళాలు తక్కువ పడేది.

వెడల్పు 30 చాలనుకున్నాను. రెండు పక్కలా ఆరేసి అంగుళాల రాయి కనిపిస్తుంది.

జనవరి 26

ఏ రకం వేయాలన్న దగ్గరే వారం గడిచింది. న్యూజెర్సీలో మా చెల్లి ఇంట్లో మెట్ల మీద 27 అంగుళాల రన్నరు, అంటే పొడుగు తివాచీ ఉంది. అవి చెక్క మెట్లు కాబట్టి మూలల్లో ముళ్ళ పట్టీలు కొట్టి, స్టేపుల్ చేసేశారు. మళ్ళీ తీసే పని లేదు, వాక్యూమ్ పెడితే చాలు. మన దగ్గర దుమ్ము వేరు. పైగా ఇంట్లో ఉత్తి కాళ్ళతో, ఒక్కోసారి తడి కాళ్ళతో తిరుగుతాం. అందుకే నాకు మొదటి షరతు, తీసి ఉతుక్కునేలా ఉండాలి.

ఏలూరు ఉన్ని తివాచీ చూస్తే మనసు లాగింది. కానీ మెట్టు ముక్కు మీద బట్ట వంగిన చోట ఉన్ని విడిపోయి అడుగు కనిపిస్తుంది. ఇంట్లో ఉతకడమూ కుదరదు. కొబ్బరి పీచుది గట్టిదే, అయితే అమ్మ పాదాలకు గుచ్చుకుంది. చివరికి మన ఊరి జంపఖానా, అంటే చేనేత దర్రీ దగ్గరికే వచ్చాను. నూలుది, పలచన, ముక్కు మీద చక్కగా వంగుతుంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని తెలుసు గానీ, మెట్లకు పనికొస్తాయా అని ఇంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

ఫిబ్రవరి 2

వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడ వెళ్ళాను. మగ్గం దగ్గర పెద్దాయన రెండు ముక్కలు తెచ్చి బొటనవేలి గోటితో పేకను (అడ్డపోగులను) పక్కకు నెట్టి చూపించారు. ఒకదాంట్లో పోగులు జరిగి సన్నని సందు పడింది. రెండోదాంట్లో గోరు దిగలేదు.

"నేల మీదికైతే ఇది సరిపోతది బిడ్డా. మెట్లకైతే పేక దగ్గరగ కొట్టాలె, లేకుంటే ఆ వంపుల పోగు కదులుతది."

డిజైను సంగతి ఇంటి దగ్గరే తేలిపోయింది. అడ్డచారల పాత జంపఖానా మెట్ల మీద పరిచి, సాయంత్రం లైటు వేసి అమ్మను దిగి చూడమన్నాను. రెండు మెట్లు దిగి ఆగిపోయింది. "చారేదో అంచేదో తెలుస్తలేదు బిడ్డా" అంది. ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ ఒక్క మాటతో అడ్డచారలు మానేశాను. మధ్యలో సాదా లేత గోధుమరంగు, రెండు పక్కలా పొడుగునా మూడంగుళాల మెరూన్ అంచు కావాలని చెప్పాను. దానికి ప్రతి వరసలో రంగు మారే చోట పేకలను ఒకదానితో ఒకటి కలపాలట, రోజులు ఎక్కువ పడతాయన్నారు. సరేనన్నాను.

నమూనా ముక్క 36 అంగుళాలది తెచ్చి నానబెట్టి, ఉతికి, ఆరేస్తే 34న్నరకు కుంచించుకుపోయింది. వెంటనే ఫోన్ చేసి 14 అడుగుల బదులు 15 అడుగులు, 30కి బదులు 31న్నర అంగుళాల వెడల్పు వేయమన్నాను. మీరు నూలుది వేయించుకుంటుంటే ముందు ఈ పరీక్ష చేయండి, ఉతక్కుండా మాత్రం బిగించకండి.

మార్చి 1

వరసకొకటి చొప్పున చెప్పిన రెండింట్లో మొదటిది వచ్చింది. ఉతికి, డాబా మీద నీడపట్టున ఆరేశాను. కొలిస్తే 14 అడుగుల 4 అంగుళాలు.

బిగించడానికి మెట్టూ రైజరూ కలిసే ప్రతి మూలలో అడ్డంగా 32 అంగుళాల స్టీలు కడ్డీ, రెండు చివర్లా చిన్న బ్రాకెట్లు. వరసకు 9 కడ్డీలు. కడ్డీ లాగేస్తే జంపఖానా చేతికొచ్చేస్తుంది. అడుగున 3 మిల్లీమీటర్ల రబ్బరు ఫెల్టు, ముక్కు దాటి రెండంగుళాలు కిందికి వచ్చేలా కత్తిరించాను. ఇంకా మందంగా ఉంటే మెత్తగానే ఉంటుంది గానీ, అంచు దగ్గర పాదం దొర్లుతుంది.

డ్రిల్లింగ్ దగ్గర చాలా టెన్షన్ పడ్డాను. మొదటి రంధ్రం హ్యామర్ మోడ్‌లో వేస్తే రైజరు మూల గోరంత ఊడింది. తర్వాతివన్నీ హ్యామర్ ఆపి, 6 మిల్లీమీటర్ల డైమండ్ బిట్‌తో, స్పాంజితో నీళ్ళు పిండుతూ నెమ్మదిగా వేశాను. రాయి దాటి కాంక్రీటు తగిలాక మామూలు బిట్. ఒక్కో రంధ్రానికి పది నిమిషాలకు పైనే. 18 రంధ్రాలకు రెండు ఆదివారాలు పట్టింది.

మార్చి 15

కింది వరస పూర్తయింది. కింది నుంచి పైకి వెళ్తూ, ఒక్కో మూలలో చెక్కముక్కతో బట్టను లోపలికి నొక్కి, లాగి, కడ్డీ దూర్చాను. పైకొన ల్యాండింగు ముక్కు కింద అల్యూమినియం పట్టీతో ఆగింది. ల్యాండింగు అంచుకు మాత్రం యాంటీ స్కిడ్ టేపు అంటించాను, అక్కడ రాయి బయటే ఉంది కాబట్టి.

రెండు రోజులకు మూడో మెట్టు దగ్గర కొంచెం వదులైంది. కడ్డీ తీసి మళ్ళీ లాగి బిగిస్తే సరిపోయింది. అమ్మ ఇప్పటికీ రెయిలింగు పట్టుకునే దిగుతోంది, కానీ మెట్టు మెట్టుకీ ఆగడం లేదు.

రెండోది ఇంకా మగ్గం మీదే ఉంది. ఉగాదికి ఇస్తామన్నారు. ఈలోపు పై వరస రంధ్రాలు వేసి పెట్టుకోవాలి, అరిగిపోయింది కాబట్టి కొత్త డైమండ్ బిట్ కొనాలి.