కమలా తొక్క, యాలకుల బన్నులు

మైదా 300 గ్రాములు, పాలు 190, పంచదార 50, వెన్న 40, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, ఉప్పు 5.

రెండు కమలాపండ్ల తొక్క తురిమి, ముందు పంచదారలో వేసి వేళ్లతో నలపండి. పంచదార తడిగా, నారింజ రంగుకు తిరిగితే తొక్కలోని నూనె దిగినట్టే. కింది తెల్లపొర తగిలిందో, చేదే. యాలకుల పొడి అర చెంచా పిండిలోనే కలపొచ్చు. దాల్చినచెక్క మాత్రం పిండిలో వద్దు, ఎక్కువైతే ఈస్ట్‌ని అణిచేస్తుంది. దాన్ని ఇంకాస్త వెన్నలో కలిపి, పొంగాక ఒత్తిన పిండి మీద పూసి చుట్టండి.

బెజవాడ మే నెలలో గోరువెచ్చని పాలెందుకు? ఫ్రిజ్ పాలే పోసి పిండి కలపండి. గడియారం కాదు, గిన్నె చూడాలి: పిండి రెట్టింపు దాటి పొంగితే పుల్లవాసన, ఓవెన్‌లో చతికిలపడటం.

తొమ్మిది ముక్కలు కోసి, మళ్లీ ఉబ్బాక 180 డిగ్రీల్లో 20 నిమిషాలు.