లిమిట్ ఇరవై ఐదు సరే, కూరకి ఎన్ని కావాలి?

డాలస్‌లో పెరుగుతున్న మా అబ్బాయికి గాలం వెయ్యడం నేర్పింది మేం కాదు, పక్కింటి పెద్దాయన. గాలంతో పాటు రూల్సూ ఆయనే నేర్పాడు. టెక్సాస్‌లో పదిహేడేళ్లు నిండని పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు గానీ, లెక్కలు మాత్రం అందరికీ ఒకటే. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప అయితే మామూలుగా మనిషికి రోజుకి 5, ఒక్కోటీ 14 అంగుళాలకి తగ్గకూడదు. క్రాపీ అనే చేప అయితే 25, కనీసం 10 అంగుళాలు. లేక్ ఫోర్క్ అనే చెరువులో ఇంకో తమాషా ఉంది. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే వదిలెయ్యాలి. అంతకంటే చిన్నవి ఇంటికి తెచ్చుకోవచ్చు, 24 దాటింది మాత్రం రోజుకి ఒక్కటే. మావాడు చేప నోరు మూసి, తోక కొసలు రెండూ దగ్గరికి నొక్కి, కొలబద్ద మీద పడుకోబెట్టి చూస్తాడు. పావంగుళం తగ్గినా నీళ్లలోకే.

ఆ కొలబద్దని సూట్‌కేసులో పెట్టుకుని మరీ మా పుట్టింటికి వచ్చాడు. మాది నెల్లూరు జిల్లా, కోవూరు పక్కన. డిసెంబరు సెలవులకి వెళ్తే ఈశాన్య రుతుపవనాల వానలు పడి పెన్నా కాలవలు నిండుగా పారుతుంటాయి. ఊరి చెరువులో చేపలు మత్స్యకారుల సొసైటీ వాళ్లవి కాబట్టి గాలాలన్నీ కాలవ గట్టునే. మా అన్న వెదురు కర్రకి దారం కట్టి, నెమలీక కాడతో బెండు పెట్టి, కొబ్బరి చిప్పలో తడిమట్టీ ఎర్రలూ వేసి ఇచ్చాడు. మావాడికి వరసగా పరిగెలనే చిన్న చేపలు పడ్డాయి. పడ్డది పడ్డట్టు కొలిచాడు, వదిలేశాడు.

మా అన్న కాసేపు చూశాడు. "వదిలేదానికా ఇంతసేపు ఎండలో కూచునింది? మూతికి గాలం గుచ్చి, ఏడిపించి వదిలేస్తే దానికేం సుఖంరా?"

పల్లెటూరి మాట అని కొట్టిపారెయ్యడానికి లేదు. జర్మనీలో తినే ఉద్దేశం లేకుండా సరదాకి చేపని పట్టి వదలడం జంతుహింస చట్టం కిందికి వస్తుంది. స్విట్జర్లాండ్‌లోనూ వదిలెయ్యడానికని చేపలు పట్టకూడదు. మావాడు పక్కింటాయన దగ్గర నేర్చుకున్నది లోకంలో ఉన్న పద్ధతుల్లో ఒకటి, అంతే. ఆ సంగతి వాడికి అమెరికాలో ఎవరూ చెప్పరు. మేనమామ చెప్పాల్సి వచ్చింది.

పైగా పరిగె విషయంలో కొలబద్ద అసలు పనిచెయ్యదు. చిన్నవన్నీ పిల్లలు కావు. వేలెడంత పరిగె అంటే గుడ్లు పెట్టే వయసొచ్చిన పెద్ద చేపే. ఎదిగేది అంతవరకే. త్వరగా పెరుగుతుంది, త్వరగా గుడ్లు పెడుతుంది, బతికేదీ తక్కువ కాలమే. గుప్పెడు పరిగెలు పట్టి వేపుడు చేసుకుంటే కాలవకి వచ్చే నష్టమేమీ లేదు. అదే మూరెడు కొర్రమీను దగ్గర జాగ్రత్త కావాలి. వానలు పడ్డాక ఎర్రటి చిన్నచిన్న పిల్లలు గుంపుగా నీటి మీదికి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ మునుగుతుంటాయి. నీళ్లు ఒక్కచోటే చినుకులు పడ్డట్టు కదులుతాయి. అడుగున తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీద పడతాయి కాబట్టి గాలానికి దొరకడం చాలా సులువు. కావాలనే అక్కడ వేసేవాళ్లూ ఉన్నారు. అవి పోతే పిల్లలన్నీ వేరే చేపలకి మేత. "ఆడ వెయ్యబాక" అని మా అన్న మావాడి చెయ్యి పట్టుకున్నాడు. అంగుళాల లెక్కలో ఆ మాట ఉండదు.

అలాగని ఊళ్లో అన్నీ సవ్యం, అమెరికాలో అన్నీ అతి అని నేననను. వసంతంలో వైట్ బాస్ అనే చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. అప్పుడు మనవాళ్లు కూలర్లు వేసుకుని కుటుంబాలతో దిగుతారు. మనిషికి 25 లిమిట్. భార్యవీ పిల్లలవీ కూడా తన లెక్కలోనే కలిపేసుకుని నింపేసేవాళ్లని చూశాను. లిమిట్ అంటే అంతకు మించొద్దని. అన్నీ పట్టి తీరాలని ఎవరూ అనలేదు. ఆ చేప ఫ్రీజర్లో దసరా దాకా ఉండి, మంచు పట్టి, చివరికి పులుసులో పీచులా తగులుతుంది. నెల్లూరి వాళ్లం అయ్యుండి అలాంటి చేప తినడం కంటే పప్పు తినడం నయం.

మా అమ్మ లెక్క వేరు. ఇంట్లో ఎంతమంది, దాక ఎంత, ఈ పూట మిగిలితే రేపు పొద్దున ఎవరు తింటారు. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది కాబట్టి రెండు పూటలకి పట్టొచ్చు, మూడో పూటకి వద్దు. (పులుసులో వేసే మామిడికాయకి కాలం కాదని ఆ పులుసుని ఆవిడ సగం పులుసుగానే లెక్కేసింది, అది వేరే సంగతి.) మావాడికి నేను చెప్పేది కూడా ఇదే: ముందు ఇంట్లో వాళ్లని లెక్కపెట్టు, తర్వాత చేపల్ని. కావాల్సినన్ని పడ్డాక గాలం చుట్టెయ్. ఉంచుకునేవి మధ్యరకం చూసుకో. వదిలేది చెయ్యి తడిచేసుకుని పట్టుకో, జిగురు పోకుండా. గాలం లోపలికి మింగేస్తే లాగకుండా దారం కోసెయ్.

పెద్దవాటిని వదలమనడానికి కారణాలున్నాయి. బాగా పెరిగిన ఆడచేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది. పైగా వేరే చేపల్ని తిని బతికే పెద్ద చేపల ఒంట్లో పాదరసం ఎక్కువ చేరుతుంది, పిల్లలకి పెట్టకపోవడమే మంచిది.

ఇక్కడే అమ్మకీ మనవడికీ చుక్కెదురు. మా ఇంట్లో చేప జన, అంటే పొట్టలోని గుడ్లు, పిల్లల వాటా. కత్తిపీట మీద పొట్ట కోసి, పసుప్పచ్చటి జన చిట్లకుండా రెండు వేళ్లతో బయటికి తీసి, విడిగా వేయించి నాకూ అన్నకీ పెట్టేది. ఇప్పుడు మనవడికి పెడితే వాడు గుడ్లున్న చేపని అసలు పట్టకూడదంటాడు. "బజార్లో కొన్న చేపకి ఏం చేస్తావు మరి?" అంటుంది ఆవిడ. వాడి దగ్గర జవాబు లేదు, తినడం మాత్రం తినలేదు. నేను ఎవరి పక్షమూ మాట్లాడకుండా ఆ జన నా కంచంలో వేసుకున్నాను.

మళ్లీ వెళ్లేటప్పుడు కొలబద్ద తీసుకెళ్లొద్దని వాడికి చెప్పను. పరిగెలు పడ్డప్పుడు మాత్రం బయటికి తియ్యొద్దన్నాను.