ఎగిరిపోయిన షార్ప్ గుర్తు

వదిన రాత్రి ప్రాక్టీసు మధ్యలో వయొలిన్ దించి అడిగింది. "ఈ లైనులో సి షార్పా, మామూలు సీనా? కాగితం మామూలు సి అంటోంది, చెవి ఒప్పుకోవడం లేదు." అంతే, మళ్ళీ తన పనిలో పడిపోయింది. నాకే నిద్ర పట్టడం లేదు.

ఆమె చెవి కరెక్టే, అది సి షార్పే, అంటే మామూలు సి కన్నా అర మెట్టు పైది. ఆ కాగితం కోసం నేను టైప్ చేసిన ఫైల్లోనూ అలాగే ఉంది. లిలీపాండ్ అంటే స్వరాలను అక్షరాల్లో టైప్ చేస్తే సంగీత లిపిలో అచ్చుకి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్. అందులో షార్ప్ కావాలంటే స్వరం పేరు చివర 'ఇస్' చేర్చాలి, కాబట్టి సి షార్ప్ 'సిస్' అవుతుంది. ఆ పేజీలో వచ్చిన ప్రతిచోటా 'సిస్' అనే ఉంది, ఇప్పుడే మళ్ళీ చూసుకున్నాను. రాసింది సరిగ్గా ఉండి అచ్చులో గుర్తు ఎగిరిపోతే చిరాకు రాదా?

అసలు గొడవ మొన్న మొదలైంది. ఈ భాగం కెడెన్జా. లెక్క లేకుండా స్వేచ్ఛగా వాయించేది, లెక్క ప్రకారం స్వరాలను విడదీసే నిలువు బార్ గీతలుండవు. దానికి లిలీపాండ్‌లో 'కెడెన్జా ఆన్' అనే ఆదేశం ఉంది. అది పెడితే బార్ గీతలతో పాటు బీమ్‌లు, అంటే చిన్న నోట్లను కలిపే అడ్డగీతలు కూడా వాటంతట అవి రావడం మానేస్తాయి. సిక్స్‌టీన్త్ నోట్లన్నీ ఎవరి జెండా వాళ్ళదే అన్నట్టు విడివిడిగా నిలబడతాయి. కలపాలంటే స్క్వేర్ బ్రాకెట్లు మనమే పెట్టుకుంటూ పోవాలి. దానికి సిద్ధపడే కూర్చున్నాను. పీడీఎఫ్ తెరిస్తే స్టాఫ్, అంటే నోట్లు రాసే ఐదు గీతల వరస, కుడి అంచు దాటి కాగితం బయటికి వెళ్ళిపోయింది. కనిపించని నోట్లు కనిపించేవాటికంటే ఎక్కువ.

కారణం తెలిశాక సగం శాంతించాను. లిలీపాండ్ మామూలుగా బార్ గీత దగ్గర మాత్రమే లైను విరుస్తుంది. గీతలే లేకపోతే విరవడానికి చోటే లేదు. లైను ఎక్కడ ఆగాలో అక్కడ ఖాళీ బార్, అంటే 'బార్' అని రాసి కొటేషన్ గుర్తుల మధ్య ఏమీ పెట్టకుండా వదిలేయాలి. గీత కనిపించదు, లైను విరవడానికి చోటు మాత్రం దొరుకుతుంది. మూడు చోట్ల పెట్టాను, పేజీ చక్కగా కుదిరింది. ఆ సంతోషం ఇవాళ రాత్రి వరకే.

ఎందుకంటే ఆ ఖాళీ బార్ నిజమైన బార్ కాదు. కెడెన్జా మొత్తం లిలీపాండ్ లెక్కలో ఒకటే బార్, అంటే రెండు గీతల మధ్య ఉండే ఒకే భాగం. ఒక బార్‌లో షార్ప్ ఒకసారి వేస్తే బార్ అయ్యేదాకా వర్తిస్తుంది కాబట్టి మళ్ళీ వేయదు. పై లైనులో ఒకసారి వేసింది, కింద మూడు లైన్లూ వదిలేసింది. ఇది డి మైనర్ స్కేలు, కీ సిగ్నేచర్‌లో, అంటే ప్రతి లైను మొదట్లో వేసే గుర్తుల్లో, ఉండేది బి ఫ్లాట్ ఒక్కటే. లైను మొదట్లో చూసినా సి సంగతి తెలియదు.

ఇక్కడిదాకా టైప్ చేసి, మౌస్‌తో నోట్లు పెట్టే సాఫ్ట్‌వేర్‌కి మారిపోతానని రాయబోయాను. ఇంతలో మాస్టారు గుర్తొచ్చారు.

మాస్టారు మాకు పాఠాలన్నీ చేత్తో కాపీ చేసి ఇచ్చేవారు. ముందు ఖాళీ స్టాఫ్ మీద పెన్సిల్‌తో సన్నగా టిక్కులు పెట్టుకునేవారు, ఏ లైనులో ఏ ఫ్రేజ్ అయిపోవాలో చూసుకుని. టిక్కులు కుదిరాకే ఇంకు. పేజీ చివర, తిప్పడానికి ఎడమ చేతికి ఖాళీ దొరక్కపోతే సగం స్టాఫ్ వదిలేసేవారు, తర్వాతి పేజీలో మొదలుపెట్టేవారు. కాగితం వృథా అని మా అన్నయ్య గొణిగేవాడు. కొత్త లైనుకి రాగానే పైన వేసిన షార్ప్‌నే మళ్ళీ చిన్న బ్రాకెట్లలో వేసేవారు. పైన వేశారు కదండీ అని నేనొకసారి అడిగాను. "వాయించేవాడు పైకి చూడడమ్మా" అన్నారు, తల కూడా ఎత్తకుండా. ఇంకు ఆరాక కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, స్టాండ్ మీద ఉన్నట్టు ఊహించుకుని, పెదవులతో పాడుకుంటూ చదివేవారు. ఎక్కడైనా చూపు ఆగితే ఆ పేజీ పక్కన పెట్టి మళ్ళీ మొదలు.

ఆయన అలా తిరిగి రాసేవారు కాబట్టి ఆయన కాపీలో నాకెప్పుడూ సందేహం రాలేదు.

ఇప్పుడు లిలీపాండ్ మీద కోపం కాస్త తగ్గింది. నేను అడిగింది లైను విరుపు, అది ఇచ్చింది. వ్యాకరణం ప్రకారం అదే రైటు. పైగా ఇది మొదలైందే ఆ చేతిపని మీద ఇష్టంతో. 1996లో ఇద్దరు డచ్ వాళ్ళు మొదలుపెట్టారు. దాని డాక్యుమెంటేషన్‌లో 1950 నాటి బేరన్‌రైటర్ అనే జర్మన్ సంగీత ప్రచురణ సంస్థ ముద్రణను, అంటే చేత్తో చెక్కిన ప్లేటుతో అచ్చేసిన పేజీని, 2000 నాటి కంప్యూటర్ ముద్రణ పక్కన పెట్టి తేడా చూపిస్తారు. నోట్ల మధ్య ఎడంలో దానికి ఉన్న శ్రద్ధ నాకు మరెక్కడా కనిపించలేదు. కానీ కొత్త లైనులో చదివేవాడి చూపు ఏమవుతుందో దానికి పట్టలేదు. ఆ ఒక్క విషయంలో నా ఫిర్యాదు అలాగే ఉంది.

మందు తేలికే. నోటు పక్కన ఆశ్చర్యార్థకం పెడితే షార్ప్ తప్పకుండా అచ్చవుతుంది, ప్రశ్నార్థకం పెడితే బ్రాకెట్లలో వస్తుంది. లైను మొదటి 'సిస్'కి పెడితే చాలు. విసుగల్లా ఏమిటంటే, రేపు లైను విరుపు జరిపితే ఈ గుర్తులన్నీ మళ్ళీ వెతికి జరపాలి.

రెండు కాపీలూ చేసి వదినకి పంపాను. మాస్టారి పద్ధతి బ్రాకెట్లే అయినా నాకు బ్రాకెట్లు లేనిదే నచ్చింది. ఆ వేగంలో బ్రాకెట్ కూడా కంటికి అడ్డమే. పేజీ తిప్పే చోటు మాత్రం ఇంకా కుదరలేదు. సరిగ్గా వేగంగా సాగే స్వరాల పరుగు మధ్యలో పడుతోంది. రేపు రెండో పేజీని ఒక లైను ముందే మొదలుపెట్టి చూస్తాను, కింద ఖాళీ మిగిలితే మిగలనీ.