చెయ్యి లేస్తుంది, తిరగదు

మోచేతి దగ్గర బైసెప్స్ టెండన్, అంటే జబ్బ ముందరి కండను ఎముకకు కట్టిపట్టే తాడులాంటిది, తెగేది ఎక్కువగా నలభై, అరవై ఏళ్ల మధ్య మగవాళ్లకేనట. అదీ ఎక్కువగా వాటం చేతికి, అంటే పనులకు అలవాటైన చేతికి. సిగరెట్ అలవాటున్నవాళ్లకు, జిమ్ముల్లో స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నాకు ఆ రెండూ లేవు గానీ వయసు సరిపోయింది, చేసే పని సరిపోయింది. రామ్‌నగర్‌లో నాది ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మి సర్వీసు చేసే షాపు.

పెద్ద ట్యూబులర్ బ్యాటరీ, 150 ఏహెచ్‌ది, యాసిడ్‌తో కలిపి యాభై, అరవై కిలోల మధ్య తూగుతుంది. విద్యానగర్‌లో ఒకరి ఇంటికి లిఫ్ట్ లేదు. మెట్ల మీద పైన నేను, కింద మా కుర్రాడు. మలుపు దగ్గర వాడి చెప్పు జారింది. బరువంతా ఒక్కసారిగా నా కుడిచేతి మీదికి వచ్చింది. మోచేయి మడిచి బిగబట్టాను. బ్యాటరీ ఆగలేదు, నా చేతిని సాగదీసుకుంటూ కిందికి పోయి మెట్టు అంచున ఆగింది. మోచేతి ముందు టప్‌మని ఏదో తెగింది. ఆ చప్పుడు వాడికీ వినబడింది. "అన్నా, హ్యాండిల్ తెగిందా?" అన్నాడు.

సరిగ్గా ఇట్లాగే తెగుతుందని తర్వాత డాక్టర్ చెప్పారు. బరువు పైకి ఎత్తుతున్నప్పటి కంటే, బిగించి పట్టిన కండను బరువు ఎదురు లాగినప్పుడు తెగడమే ఎక్కువట.

మొదట దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్లాను. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉందన్నారు, బెణికిందని మాత్రలూ ఆయింట్‌మెంటూ రాసిచ్చారు. ఎక్స్‌రేలో టెండన్ కనబడదు కదా, వాళ్ల ఫిల్మ్ అబద్ధం చెప్పలేదు. కానీ చేత్తో పట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత మోచేతి మడతలో నలుపు మొదలై ముంజేయి కిందిదాకా దిగింది. స్నానం చేసి వచ్చి తువ్వాలు ఆరేస్తుంటే మా ఆవిడ చూసింది: ఎడమ చేతి కండ మోచేతిదాకా వాలుగా దిగుతోంది, కుడి చేతిది భుజం వైపు లాక్కుపోయి ఉండ కట్టింది, కింద గుంట పడింది. మా అమ్మ అయితే "పుత్తూరు కట్టు కట్టియ్యి బిడ్డా, అందరూ ఆడికే పోతరు" అని పట్టుబట్టింది. అక్కడ ఎముకలకు కట్టే కట్టు సంగతి ఏమోగానీ, పైకి జరిగిపోయిన టెండన్ ఏ కట్టు కట్టినా తనంతట తాను కిందికి దిగిరాదు.

నన్ను తికమక పెట్టింది వేరే. చెయ్యి మడవగలుగుతున్నాను! చాయ్ గ్లాసు నోటిదాకా వస్తోంది. తెగితే ఇదెట్లా అనుకున్నాను. షాపులో ఒక ఇన్వర్టర్ మూత విప్పాను, స్క్రూలన్నీ సులువుగా వచ్చాయి. తిరిగి బిగించబోతే ఒక్కటీ కదల్లేదు. విప్పడం వస్తోంది, బిగించడం రావడం లేదు.

ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గర ఈ మాట చెప్పగానే ఆయన నవ్వి, "మీరు సగం పరీక్ష చేసుకునే వచ్చారు" అన్నారు. మోచేయి మడవడంలో అసలు కష్టపడేది బైసెప్స్ కింద ఉండే బ్రేకియాలిస్ అనే ఇంకో కండ. బైసెప్స్ పెద్ద పని అరచేతిని పైకి తిప్పడం. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముకకు దాని టెండన్ అతుక్కుని ఉంటుంది. కండ లాగినప్పుడు ఆ ఎముక దొర్లుతుంది, అరచెయ్యి తిరుగుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు తిరిగేది అటే.

మిగతా సగం పరీక్ష ఆయన చేశారు. ముందు నా ఎడమ చెయ్యి మడిపించి, అరచెయ్యి నా మొహం వైపు ఉండేలా తిప్పించి, బయటి పక్క నుంచి తన చూపుడు వేలు మోచేతి మడతలోకి దూర్చారు. బిగుసుకున్న టెండన్ ఆయన వేలికి తగులుకుంది. "మీరూ పెట్టి చూడండి" అంటే నా వేలూ పెట్టాను, నిజంగానే కొక్కెం తగిలించినట్టు ఆగింది. కుడిచేతికి అదే చోట వేలు పెడితే మెత్తగా లోపలికి పోయింది, పట్టుకోవడానికి ఏమీ లేదు. దీన్ని హుక్ టెస్ట్ అంటారు. అమెరికాలో ఓడ్రిస్కాల్ అనే సర్జన్, ఆయన బృందం 2007లో ప్రచురించారు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మొదటి రోజే జరిగి ఉంటే ఇన్ని రోజులు పోయేవి కావని ఇప్పటికీ నా కడుపుమంట. ఖాయం చేసుకోవడానికి ఎంఆర్ఐ కూడా తీశారు. బోర్లా పడుకుని, చెయ్యి తల మీదుగా చాపి, మోచేయి మడిచి, బొటనవేలు పైకి పెట్టి కదలకుండా ఉండాలి. నొప్పితో అది ఓ శిక్షే.

ఆపరేషన్ చేసి తీరాలని ఆయన అనలేదు. అది నాకు నచ్చింది. వదిలేస్తే మడిచే బలంలో దాదాపు ముప్పై శాతం, అరచేతిని పైకి తిప్పే బలంలో దాదాపు నలభై శాతం పోతుందని, వయసు మళ్లినవాళ్లు, బరువు పని లేనివాళ్లు చాలామంది అట్లాగే సర్దుకుంటారని చెప్పారు. "మీ బతుకుతెరువు స్క్రూ డ్రైవర్ మీద కదా, ఆలోచించుకోండి. కానీ ఎక్కువ రోజులు తీసుకోకండి" అన్నారు. దెబ్బ తగిలిన రెండు మూడు వారాల్లోపైతే పని తేలిక. ఆలస్యమైతే టెండన్ కుంచించుకుపోయి, పైన చుట్టుపక్కల కండకు అతుక్కుపోతుంది. అప్పుడు తొడ వెనక నుంచో, దాత నుంచో టెండన్ ముక్క తెచ్చి అతుకు వేయాల్సి రావచ్చు. నాకు ఇంకా గడువు ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ కోసం ఆ గడువును లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఆపరేషన్ కంటే పెద్ద టెన్షన్.

ఎట్లా బిగిస్తారో అడిగి మరీ తెలుసుకున్నాను, వృత్తి అలాంటిది. 1961లో బాయిడ్, ఆండర్సన్ అనే ఇద్దరు రెండు కోతల పద్ధతి రాశారు: ముందు వైపు కోసి టెండన్‌ను వెతికి పట్టుకోవడం, ముంజేతి వెనక వైపు ఇంకో కోత పెట్టి ఎముకకు కట్టడం. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో రెండు ఎముకల మధ్య కొత్త ఎముక పెరిగే ప్రమాదం కాస్త ఎక్కువ, పెరిగితే చెయ్యి తిరగదు. ముందు వైపు ఒక్క కోతతో చేస్తే చర్మం స్పర్శ నరం ఒకటి నొచ్చుకోవడం ఎక్కువ. నాకు ఒక్క కోతే పెట్టి, లోహపు బటన్‌తో బిగించారు. ఆస్ట్రేలియాలో బెయిన్ అనే సర్జన్ 2000లో మోచేతికి ఈ బటన్ పద్ధతి ప్రచురించాక బాగా వ్యాపించింది.

ఫాల్స్ సీలింగ్‌కు బరువు వేలాడదీయాలంటే మేం టాగుల్ బోల్ట్ వాడతాం. రెక్కలు ముడిచి కన్నంలోంచి దూరుస్తాం, అవతల రెక్కలు విచ్చుకుని అడ్డం పడతాయి. ఇదీ అదే కథ. రేడియస్ ఎముకకు ఇవతలి గోడలో టెండన్ కొస పట్టేంత కన్నం, అవతలి గోడలో బటన్ పట్టేంత చిన్న కన్నం వేస్తారు. టెండన్ కొసకు గట్టి దారాలు కుట్టి బటన్‌లోంచి లాగుతారు. బటన్ నిలువుగా దూరి, అవతల అడ్డం తిరుగుతుంది. దారాలు లాగితే టెండన్ కన్నంలోకి దిగి కూర్చుంటుంది. డ్రిల్ వేసేటప్పుడు అరచెయ్యి పూర్తిగా పైకి తిప్పి పట్టుకుంటారు. రేడియస్ మెడ చుట్టూ తిరిగే నరం ఒకటుంది, వేళ్లను పైకెత్తేది అదే. అట్లా తిప్పితే డ్రిల్ దారిలోంచి అది పక్కకు జరుగుతుంది.

మెడ దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి మాత్రమే మొద్దుబరిచారు. తెర అవతల డ్రిల్ శబ్దం విన్నాను. ఆర్‌పీఎమ్ తగ్గిందని కూడా నాకు తెలిసిపోయింది! ఆపరేషన్ గదిలోనే చూసే సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో బటన్ ఎముకకు ఆని అడ్డంగా పడిందని చూసుకున్నాకే కుట్లు వేశారు. మొద్దుబారడం తగ్గాక వార్డులో డాక్టర్ మొదట అడిగింది నొప్పి గురించి కాదు, "బొటనవేలు పైకెత్తండి, వేళ్లు చాపండి" అని. లేచాయి. ఆ నరం క్షేమం.

ముంజేతి బొటనవేలి వైపు మాత్రం చాలాకాలం తిమ్మిరిగా ఉండింది. ఆపరేషన్ తర్వాత మామూలుగా వచ్చేదే అన్నారు, నెమ్మదిగా చాలావరకు పోయింది.

మొదట మోచేయి మడిచి పిండికట్టు. తర్వాత పక్కన డయల్ ఉన్న బ్రేస్. వారం వారం డయల్ తిప్పి చెయ్యి ఇంకాస్త చాపనిచ్చేవారు. ఆరు వారాలదాకా ఏదీ ఎత్తకూడదు. అతుకు మళ్లీ ఊడితే ఎక్కువగా ఈ కాలంలోనేనట. నొప్పి తగ్గింది కాబట్టి చెయ్యి బాగైందనిపించేదీ అప్పుడే. అన్నం మా అమ్మ కలిపి ముద్దలు పెట్టేది, దానికి సిగ్గు లేదు. షాపులో చిల్లర ఇవ్వడమే నరకం. ఎడమ చేత్తో నోటు చాపగానే పెద్దమనుషులు మొహం చిట్లించేవారు. బ్రేస్ చూపించి "ఏమనుకోకండి" అని చెప్పి చెప్పి, చివరికి డబ్బులు బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాను.

మూడో నెలకు దగ్గర పడుతుండగా ఫిజియోథెరపీ మేడమ్ చేతికి సుత్తి ఇచ్చారు. పిడి పట్టుకుని, సుత్తి తల అటూ ఇటూ వాలేలా అరచెయ్యి తిప్పాలి. పిడి మీద చెయ్యి తలకు దగ్గరగా పట్టుకుంటే తేలిక, దూరం జరిగేకొద్దీ బరువు. ఇంట్లో చెయ్యమంటే మంచిదే, సుత్తులకు నాకు కొదవా? మొదట్లో తలకాయ పక్కనే పట్టుకున్నా చెయ్యి వణికేది. పిడి చివరిదాకా జరిగేసరికి ఆరో నెల వచ్చింది. బరువులకు అప్పుడే ఒప్పుకున్నారు.

ఇప్పుడు టర్మినల్ బోల్టులు పానాతో నేనే బిగిస్తున్నాను. వరసగా చాలా స్క్రూలు బిగిస్తే మాత్రం కుడిచెయ్యి ఎడమదాని కంటే ముందే అలసిపోతుంది. ఇంకొంత బలం వస్తుందేమో, ఇంతేనేమో. చేతిలో లోహం ఉందంటే అందరూ అడిగేది ఒకటే, తీసేయాలా అని. అక్కర్లేదు, ఇబ్బంది పెట్టనంతకాలం అట్లాగే ఉంటుంది. డాక్టర్ జాగ్రత్త చెప్పింది ఇంకో చేతి గురించి. ఒక చేతికి తెగినవాళ్లకు రెండోదానికీ తెగే అవకాశం మామూలు మనుషుల కంటే ఎక్కువట. అందుకని మెట్లున్న ఇళ్లకు హమాలీ కూలీ బిల్లులో విడిగా వేస్తున్నాను. దాని మీద కూడా బేరమాడేవాళ్లు ఆడుతున్నారు.