పేరు రాయని చీటీలు

అరకు ఘాట్ దిగి శృంగవరపుకోట వైపు వచ్చే రోడ్డు మీదే నేను పాఠాలు చెప్పే పిల్లలు బడికి వస్తారు. మన్యం నుంచి గంజాయి మైదానానికి దిగే దారుల్లో అదీ ఒకటి. అందుకే మా విజయనగరం జిల్లా బడుల్లో పోలీసులు చెప్పే మాదకద్రవ్యాల పాఠం మొక్కుబడిగా సాగితే నేను ఊరుకోలేను.

ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినాన, ర్యాలీ, ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ ఉంటాయి. కాదనను. కానీ ఎండలో వరుసగా నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడి మనసులోని ప్రశ్న బయటికి రాదు. ఈసారి వచ్చిన మహిళా ఎస్సై మైకు పక్కన పెట్టి నేరుగా తరగతి గదిలోకి వచ్చారు.

"ఎవరో తెలిసిన అన్నయ్య ఒక సంచి ఇచ్చి, కొత్తవలసలో మా స్నేహితుడికి అందించు, నీ ఫోనుకు రీచార్జి చేయిస్తాను అంటే ఏం చేస్తారు?" అని అడిగారు.

వెనక బెంచీ నుంచి ఒకడు "బరువెంత ఉంటుంది మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. "మంచి ప్రశ్న నాన్నా. చట్టం కూడా ముందు బరువే చూస్తుంది" అంటూ సుద్దముక్క అందుకున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి కిలో లోపైతే ఏడాది వరకు జైలు. ఆపైన 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. పిల్లల చేత మోయించినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు శిక్ష వేరే ఉంది. "మీ మీద ప్రేమతో మిమ్మల్ని ఎంచుకోరు. బడి సంచిని ఎవరూ తనిఖీ చేయరని ఎంచుకుంటారు" అన్నారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

తర్వాత పేరు లేకుండా చీటీలు రాయమన్నారు. నోటుపుస్తకం చింపిన ఒక కాగితం మీద "మా అన్నయ్య గంజాయి తాగుతున్నాడు. మీకు చెబితే జైల్లో పెడతారా?" అని ఉంది. ఎడమచేత్తో రాసినట్టు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. పిల్లల చేతిరాతలు నాకు కొట్టినపిండి. అయినా అది ఎవరిదో పోల్చుకోలేకపోయాను. తెలియకపోవడమే మంచిదైంది.

ఆవిడ ఆ చీటీకే ఎక్కువ సమయం ఇచ్చారు. అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, వాడకానికీ కొద్ది పరిమాణానికీ సంబంధించిన కేసుల్లో అదే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. "ముందు మీ అమ్మకు చెప్పు. చెప్పలేకపోతే మీ టీచరుకు చెప్పు. అదీ కుదరకపోతే 14446కు ఫోను చెయ్యి. అది పోలీసుల నంబరు కాదు, మాన్పించేవాళ్లది" అన్నారు. అమ్మేవాళ్ల గురించి చెప్పడానికైతే మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972 ఇచ్చారు.

నేను జీవశాస్త్రం చెబుతాను. గంజాయి జ్ఞాపకశక్తిని ఎలా దెబ్బతీస్తుందో మెదడు బొమ్మ గీసి వివరించగలను. కానీ "మీ అన్నయ్యకు దారి ఉంది" అన్న మాట నా నోట వస్తే పిల్లలు సగమే నమ్ముతారు. జైలుకు పంపగలిగిన ఖాకీ బట్టల మనిషే ఆ మాట చెప్పాలి. పోలీసులు బడికి రావలసిన అసలు కారణం నా దృష్టిలో ఇదే. భయపెట్టే బొమ్మలు పిల్లల ఫోనుల్లో కావలసినన్ని ఉన్నాయి.

వెళ్తూ వెళ్తూ గేటు నుంచి బడ్డీకొట్టు దాకా అడుగులు కొలిచారు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. కొట్టు ముందు వేలాడే ఖైనీ ప్యాకెట్ల దండలు ఆ సాయంత్రమే దిగాయి.

చీటీల పెట్టె ఇప్పుడు గ్రంథాలయం గది పక్కన ఉంది. తాళంచెవి మా దగ్గర ఉంటే పిల్లలు రాయరని ఆవిడే తీసుకెళ్లారు. దసరా సెలవుల లోపు మళ్లీ వస్తామన్నారు. ఈసారి తల్లులను కూడా పిలుద్దామని అడిగాను. పగలు పెడితే కూలిపని పోతుంది కాబట్టి, రాత్రి ఏడు గంటలకు పెట్టమన్నాను.